ఎడమచేతి సస్పెన్షన్

గిటారు మీటేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. బెహరా సదానంద్ మీటటంతో ఊరుకోడు, దాన్ని కొడతాడు కూడా. మణికట్టు దగ్గరి కండతో గిటారు పొట్ట మీద ఒకటి వేస్తే అది తప్పెటలా ధుమ్మంటుంది. పక్క చెక్క మీద వేళ్ళతో తడితే టకటకమంటుంది. ఆ రెంటి నడుమా తీగలు వాటి పాట అవి పాడుకుంటూనే ఉంటాయి. కళ్ళు మూసుకుని వింటే ముగ్గురు కూర్చుని వాయిస్తున్నారనిపిస్తుంది. కళ్ళు తెరిస్తే ఒక్కడే ఉంటాడు, చొక్కా తడిసిపోయి.

ఆ ఊరు సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద నగరం. పేరు చెప్పటం లేదు. చెబితే కథ చెప్పేవాళ్ళకు కూడా కార్డు ఉండాలంటారు. ఆ కార్డు సంగతికే వద్దాం, ముందు సదానంద్ ఎలా బతుకుతున్నాడో కాస్త తెలియాలి.

అతను ఏ జట్టులోనూ చేరలేదు, ఎవరి పాట వెనకా వాయించలేదు. తన బాణీలు తనే కట్టుకుని తనే వాయించుకునేవాడు. అలాంటివాణ్ణి పెళ్ళిళ్ళకు పిలుస్తారు గానీ పెళ్ళి దగ్గర కూర్చోబెట్టరు, భోజనాల దగ్గర కూర్చోబెడతారు. పానీపూరీ బండికీ ఐస్‌క్రీము బల్లకీ మధ్య అతనికో స్టూలు వేస్తారు. ఒకసారి తన బాణీలన్నిటిలోకీ కష్టమైనదాన్ని కళ్ళు మూసుకుని, ప్రాణం పెట్టి వాయిస్తుంటే ఎవరో వచ్చి భుజం తట్టారు. మెచ్చుకోవటానికి కాబోలని కళ్ళు తెరిచాడు. చేతులు కడుక్కునేది ఎటువైపని ఆ పెద్దమనిషి అడిగాడు. ఆదివారం సాయంత్రాలు బీచి గోడ మీద కూర్చుని వాయిస్తే జనం ఆగేవాళ్ళు, చేతిలో మురీ మిక్చరు పొట్లం అయ్యేదాకా.

కాబట్టి అతనికి ఉన్న కోరిక పెద్దదేమీ కాదు. జనం కూర్చోవాలి. మొదటి నుంచి చివరిదాకా వినాలి. అలాంటి సాయంత్రం ఒక్కటి చాలు. ఆ భాగ్యం ఆ ఊళ్ళో దొరికే చోటు ఒకటే, నగర కళా వికాస మండలి ఏటా సముద్రం పక్కన బయలు రంగస్థలం మీద జరిపే 'సాగర సంధ్య'. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా ఈసారి అతని పేరు ఖాయమైంది. సదానంద్ వెంటనే అక్క వరలక్ష్మికి ఫోను చేసి చెప్పాడు.

వరలక్ష్మికి బ్యూటీ పార్లరుంది. తమ్ముడి కుడిచేతి గోళ్ళు ఆమె చలవే. స్టీలు తీగల మీద అసలు గోళ్ళు నిలవవు, విరిగిపోతాయి. అందుకని కుడిచేతికి ఆమె పెళ్ళికూతుళ్ళకు అంటించే గట్టి గోళ్ళు అంటిస్తుంది. ఎడమచేత్తో తీగలు నొక్కాలి గనక ఆ గోళ్ళు మొదలంటా తీసేస్తుంది. పనయ్యాక చూస్తే కుడిచేయి పేరంటానికి వెళ్తున్నట్టూ ఎడమచేయి పొలానికి వెళ్తున్నట్టూ ఉంటాయి. "నీ రెండు చేతులూ ఒక తల్లి పిల్లల్లా లేవురా" అని ఆమె ఎప్పుడూ నవ్వేది. అలాంటి మాటే మండలి కార్యదర్శి నోటి వెంట కూడా వస్తుందని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

కార్యదర్శి పేరు చట్రాతి విశ్వంభరరావు. కళలకు రాకముందు ఆయన పడవలకు నంబర్లు వేసే శాఖలో ఉండేవారు. ఆయన హయాంలో నంబరు లేని పడవ ఒక్కటీ నీళ్ళలోకి దిగలేదు. దిగినవాటిలో కొన్ని తిరిగి రాలేదు గానీ వాటి నంబర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. అంతటివారు మండలికి రాగానే, ఈ ఊళ్ళో ఎవడు ఏది వాయిస్తున్నాడో లెక్కా డొక్కా లేదని గుర్తించి, 'ఒక కళాకారుడు, ఒక వాద్యం, ఒక కార్డు' అనే మహా పథకాన్ని ప్రవేశపెట్టారు. కార్డు లేనివాడు నగర పరిధిలో ఈల కూడా వేయరాదు. పత్రికలు భేష్ అన్నాయి. పక్క జిల్లాలవాళ్ళు చూసి నేర్చుకుందామని బస్సు వేసుకుని వచ్చారు.

సదానంద్ కార్డు కోసం మండలి ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ ఉమామహేశ్వరి అనే గుమస్తా వేలిముద్రల మిషను ముందు కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్ళు పెట్టగానే మిషను పచ్చగా వెలిగింది. ఎడమచేతి వేళ్ళు పెడితే ఎర్రగా వెలిగి ఊరుకుంది. ఉమామహేశ్వరి తడిగుడ్డతో తుడిపించింది, కొబ్బరినూనె రాయించింది, మిషను నెత్తిన ఒకటి మొట్టింది కూడా. పదేళ్ళుగా తీగలు నొక్కీ నొక్కీ ఆ వేలికొసలు కాయలు కాచిపోయాయి. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"మీ ఎడంసెయ్యి లేదంటంది బాబూ," అంది ఉమామహేశ్వరి.

సదానంద్ చేయి ఎత్తి చూపించాడు. "ఇదిగో ఉంది కదండీ."

"నాకు కనబడతంది. మిసనుకి కనబడాల గదా."

ఆవిడ జాలిగల మనిషి. లేదని రాయటానికి మనసొప్పక, పై అధికారుల పరిశీలన కోసమని రెండు చేతులకూ వేరువేరుగా ఫొటోలు తీసి ఫైల్లో పెట్టింది. చేసిన ఉపకారం ఎంత దూరం పోతుందో పాపం ఆవిడకేం తెలుసు.

తరవాత నిపుణుల ముందు వాయించి చూపించాలి. నిపుణులు ఇద్దరు. తీగల వాద్యాల తరఫున పేరి అన్నపూర్ణగారు, జన్మంతా వీణ పాఠాలు చెప్పి రిటైరైనావిడ. తాళవాద్యాల తరఫున గుమ్మా అప్పలాచార్యులుగారు, మృదంగ విద్వాంసులు. ఆచార్యులుగారిని కచేరీకి పిలిచి చాలా ఏళ్ళైంది. కమిటీలకు మాత్రం పిలుస్తారు, ఆయన కూడా నామోషీ పడకుండా వస్తారు, ఎందుకంటే అక్కడ మిరపకాయ బజ్జీలు పెడతారు.

సదానంద్ మొదలుపెట్టాడు. తీగలు పలికినంతసేపూ అన్నపూర్ణగారు తల ఊపారు. గిటారు ధుమ్మనేసరికి ఉలిక్కిపడి కళ్ళజోడు సవరించుకుని, ఇది తన శాఖ కాదని చెప్పేశారు. ఆచార్యులుగారు బజ్జీ పక్కన పెట్టి, చర్మం లేకపోయినా దెబ్బలో తూకం ఉందనీ, ఇది నిశ్చయంగా తాళవాద్యమేననీ, కాకపోతే మధ్యమధ్యలో ఆ తీగల గోల ఏమిటో అర్థం కావటం లేదనీ అన్నారు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. రెండూ కలిస్తేనే తన వాద్యమని సదానంద్ చెప్పబోయాడు. కమిటీ మాట్లాడుతున్నప్పుడు కళాకారుడు మాట్లాడకూడదని అతన్ని కూర్చోబెట్టారు.

విశ్వంభరరావుగారు అంతసేపూ ఫైలు చూస్తూ ఉన్నారు. ఒక చేతికి ముద్రలున్నాయి, ఒక చేతికి లేవు. ఒక చేతికి గోళ్ళున్నాయి, ఒక చేతికి లేవు. ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి, పడవ అడుగున చిల్లు కనిపెట్టినవాడిలా తల ఎత్తారు.

"ఒకే వ్యక్తి అయినచో, ఒక చేతి గోళ్ళు పెంచి మరొక చేతి గోళ్ళు తొలగించుట లోకమందు ఎచ్చటనైనా కలదా?" అని అడిగారు. జవాబు కూడా ఆయనే చెప్పారు. "కావున వీరు ఒక కళాకారుడు కారు. ఇరువురు. ఒకే ఆవరణలో రెండు కార్యాలయములు నడుచుట లేదా? అదే విధముగా ఒకే దేహమును ఇరువురు కళాకారులు ఉమ్మడిగా వినియోగించుకొనుచున్నారు."

తీగలు మీటేదే కుడిచేయి అనీ, గోళ్ళు పెంచేది అందుకేననీ సదానంద్ మొత్తుకున్నాడు. తీగలు పట్టుకుని ఉన్నది ఎడమచేయి గనక తీగల బాధ్యత దానిదేననీ, కుడిచేయి సరదాకి మీటితే అది అదనపు సేవ కింద వస్తుందనీ కార్యదర్శి ఓపికగా విడమరిచి చెప్పారు. ఉత్తర్వు తయారైంది. కుడిచేయి తాళవాద్య కళాకారుడు, పర్మనెంటు. ఎడమచేయి తంత్రీవాద్య కళాకారుడు, వేలిముద్రలు పడేవరకు తాత్కాలికం.

ఇంటికొచ్చి తల పట్టుకు కూర్చుంటే వరలక్ష్మి కసురుకుంది. రెండు కార్డులంటే రెండు శాలువలు కప్పుతారనీ, నోరు మూసుకుని వాయించి రమ్మనీ. ఆ మాటా నిజమే అనిపించింది. చేతులు ఎన్ని శాఖల్లో ఉంటేనేం, జనం కూర్చుని వింటే చాలు కదా. సదానంద్ సాధనలో పడ్డాడు.

కానీ శాఖ అన్నాక తనిఖీ ఉంటుంది. కచేరీ దగ్గరపడగానే విశ్వంభరరావుగారు రిహార్సలు చూడటానికి స్వయంగా వచ్చి, కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నారు. సదానంద్ వాయిస్తూ వాయిస్తూ అలవాటు కొద్దీ ఎడమచేత్తో గిటారు భుజం మీద టక్కున కొట్టాడు. అతని వాయింపులో అది ఉన్నదే, ఎడమచేయి కొడుతుంది, కుడిచేయి మీటుతుంది, రెండూ ఒకదాని పని ఒకటి అందుకుంటూ ఉంటాయి. కార్యదర్శి చేయి ఎత్తి ఆపించారు. ఇప్పుడు కొట్టింది ఎవరని అడిగారు. ఎడమచేయి అని సదానంద్ ఒప్పుకోక తప్పలేదు.

మర్నాడు మెమో వచ్చింది. 'తాత్కాలిక కళాకారుడైన ఎడమచేయి, తనకు అప్పగించని తాళవాద్య విధులలో జోక్యము చేసుకొని, పర్మనెంటు కళాకారుడైన కుడిచేతి అధికారములను ఆక్రమించినట్లు మా దృష్టికి వచ్చినది. దీనిపై ఎడమచేయి తన సంజాయిషీని స్వహస్తముతో వ్రాసి దాఖలు చేయవలెను.' అదే రిహార్సల్లో కుడిచేయి తీగలు మీటింది కదా అని సదానంద్ అడిగాడు. మీటింది నిజమేననీ, దాన్ని నోటిమాటగా మందలించి వదిలేశామనీ, పర్మనెంటు వాళ్ళ మీద అంతకన్నా ఏమీ చేయలేమనీ చెప్పారు. ఏ ఆఫీసులో పనిచేసినవాళ్ళకైనా ఇందులో వింతేమీ కనపడదు.

సంజాయిషీ ఎడమచేయే రాయాలి. సదానంద్ పుట్టి బుద్ధెరిగాక ఎడమచేత్తో కలం పట్టింది లేదు. నాలుక బయటపెట్టి, ఓనమాలు దిద్దే పిల్లాడిలా చెమటోడ్చి నాలుగు వాక్యాలు రాశాడు. అక్షరాలు ఒకటి కొండెక్కితే ఒకటి గుంటలో పడ్డాయి. కార్యదర్శి ఆ కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, కళాకారులకు కనీస విద్యార్హత పదో తరగతి అని నిబంధనల్లో ఉండగా, ఈ ఎడమచేయి పూర్తిగా నిరక్షరాస్యుడైనా ఆ సంగతి దాచిపెట్టి కార్డు పొందిందని తేల్చారు. కుడిచేయి పదో తరగతి ఫస్టుక్లాసులో ప్యాసైన సంగతి సర్టిఫికెట్టుతో సహా ఫైల్లో ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, సంజాయిషీ పుచ్చుకుని విచారణ పూర్తయ్యేవరకు ఎడమచేతిని సస్పెండు చేశారు.

ఆ సాయంత్రం సదానంద్ గిటారు పెట్టె తెరవలేదు. పదేళ్ళు ఎదురుచూసిన సాయంత్రానికి ఒంటిచేత్తో వెళ్ళాల్సి వస్తుందనుకుంటే ఏడుపొచ్చింది. మానేస్తానన్నాడు. అప్పుడు ఉమామహేశ్వరే ఫోను చేసింది. కచేరీ మానేస్తే కుడిచేతి కార్డు కూడా పోతుందనీ, పోతే ఇక బీచి గోడ మీద కూడా కూర్చోనివ్వరనీ చెప్పింది. "ఎలగోలా ఆ పూట దాటించండి బాబూ. ఎడంసేతి పనికి ఇన్‌చార్జిని ఏసేరు" అంది.

ఇన్‌చార్జి ఎవరో కాదు, అప్పలాచార్యులుగారు. ఖాళీగా ఉన్న కార్డుదారుడు ఆయనొక్కరే. ఎడమచేతి విధులను అదనపు బాధ్యతగా నిర్వర్తించాలని ఆయనకు ఉత్తర్వు అందింది. గిటారును అంత దగ్గరగా ఆయన అంతకుముందు చూడలేదు. అయినా పట్టుపంచె ఇస్త్రీ చేయించుకుని ఉదయమే సదానంద్ ఇంటికి వచ్చారు.

"నేనెప్పుడూ ఇన్‌చార్జిగా చెయ్యలేదు నాయనా. నొక్కడమే కదా, నొక్కేస్తాను," అన్నారు.

సాగర సంధ్యకు జనం విరగబడి వచ్చారు. ఎడమచేతి సస్పెన్షను సంగతి జిల్లా పేజీలో పడింది మరి. రంగస్థలం మెట్లు నిండిపోయి, ఇసుకలో కూడా కూర్చున్నారు. ఎవరి చేతిలోనూ మురీ మిక్చరు లేదు. తెర పక్క నుంచి చూసిన సదానంద్‌కు మెట్ల చివరిదాకా తలలే కనపడ్డాయి. కోరుకున్న జనం కోరుకున్నట్టే కూర్చుని ఉన్నారు, తన దగ్గర మాత్రం సగమే ఉంది. ఉమామహేశ్వరి ప్రథమ చికిత్స పెట్టెలోంచి గుడ్డ తీసి, నొప్పి పుట్టకుండా అతని ఎడమచేతిని మెడకు వేలాడగట్టింది.

విశ్వంభరరావుగారు మైకు అందుకున్నారు. కళ అనునది క్రమశిక్షణ లేనిచో కేవలము శబ్దమేనని, నేటి కచేరీయందు శాఖల మధ్య ఎట్టి సంఘర్షణయు లేకుండా మండలి తగు ఏర్పాట్లు గావించినదని, ఇది దేశములోనే ప్రథమమని సెలవిచ్చారు. చప్పట్లు కొట్టారు జనం. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు అని ఈ దేశంలో ప్రతివాళ్ళకూ తెలుసు, ఆ సంగతి మండలికి మాత్రం ఎవరూ ఇంకా రాతపూర్వకంగా తెలియజేయలేదు.

సదానంద్ తెలివిగా తీగల్ని ముందే ఒకదానితో ఒకటి పొసిగేలా శ్రుతి చేసుకున్నాడు. అలా చేస్తే ఎడమచేయి ముట్టుకోకపోయినా మీటగానే ఇంపుగానే పలుకుతాయి. ముట్టుకోకపోతే కదా. ఆచార్యులుగారు ఒంటికి ఒళ్ళు ఆనించి కూర్చుని, ఉత్తర్వును శిరసావహించి, ఎక్కడ పడితే అక్కడ బలంగా నొక్కారు. గిటారు తోక తొక్కిన పిల్లిలా అరిచింది. జనం ఫక్కున నవ్వారు. ఆయన తప్పు దిద్దుకుందామని ఇంకో చోట నొక్కారు, ఇంకో పిల్లి అరిచింది. సదానంద్ తల వంచుకుని కుడిచేత్తో ధుమ్ ధుమ్మని కొడుతూ పోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పానీపూరీ బండి పక్కన కూర్చున్నప్పుడు కూడా అతనికి ఇంత అవమానం జరగలేదు. అక్కడ ఎవరూ వినలేదు, అంతే, నవ్వలేదు.

రెండు బాణీలయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి. మొదటి వరసలో కూర్చున్న వరలక్ష్మి ముఖం చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు ఊరుకున్నారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాడు. ఒక్కరూ లేవలేదు. వీళ్ళు నిజంగానే వినటానికి కూర్చున్నారని అప్పుడర్థమైంది సదానంద్‌కు. మూడో బాణీ మొదలుపెట్టాడు, పెళ్ళి భోజనాల దగ్గర ఎవరూ వినని ఆ కష్టమైన బాణీ. అందులో ఒకచోట ఎడమచేయి రావాలి. అది వచ్చింది. ఎప్పుడు గుడ్డలోంచి జారిందో అతనికే తెలియదు.

ఆచార్యులుగారు ఆ చేతిని చూశారు. గిటారు మెడ మీంచి తన చేయి మెల్లగా తీసేసి, పంచెకు తుడుచుకున్నారు.

"చార్జి తీసుకో నాయనా," అన్నారు గొంతు తగ్గించి.

ఇక సదానంద్ వాయించాడు. ఎడమచేయి కొట్టింది, కుడిచేయి మీటింది, ఎవరి పని ఎవరు చేస్తున్నారో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆచార్యులుగారు పక్కనే కూర్చుని తొడ మీద తాళం వేసుకుంటూ పోయారు. చివరి తీగ మోగి, ఆగి, దాని మోత సముద్రంలో కలిసిపోయేదాకా జనం కదల్లేదు. ఆ తరవాత కొట్టిన చప్పట్లకు అవతల రోడ్డు మీద బస్సు ఆగిందట. సదానంద్ సంతోషంతో గిటారును కావలించుకుని కూర్చుండిపోయాడు.

విశ్వంభరరావుగారు కూడా చప్పట్లు కొట్టారు. కొడుతూనే ఉమామహేశ్వరితో ఏదో రాసుకోమన్నారు.

మర్నాడు రెండు ఉత్తర్వులు వచ్చాయి. సహచరుడి క్రమశిక్షణా రాహిత్యం మధ్య కూడా విధి నిర్వహణలో నిలకడ చూపినందుకు కుడిచేతిని ఉత్తమ తాళవాద్య కళాకారుడిగా మండలి సత్కరిస్తుంది. ఇకపై అది ప్రతి ఆదివారం నగరంలో కచేరీ చేయాలి, చేయకపోతే కార్డు రద్దు. సస్పెన్షనులో ఉండి కూడా బహిరంగంగా విధులకు హాజరైనందుకు ఎడమచేతిని తొలగించారు. ఇకపై అది నగర పరిధిలో ఏ వాద్యాన్నీ తాకరాదు. శాలువ సగానికి మడిచి కుడిభుజం మీద మాత్రం కప్పారు.

ఆ శాలువ చూసుకుని సదానంద్ నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాడు. విననివాళ్ళ మధ్య పదేళ్ళు ఓర్చుకున్నాడు. ఒక్కసారి విన్నవాళ్ళను చూశాక మాత్రం ఓర్చుకోవటం అతని వల్ల కాలేదు. మండలికి వెళ్ళి బతిమాలాడు. అప్పీలు చేసుకోవచ్చన్నారు, దాని మీద ఎడమచేతి వేలిముద్ర ఉండాలన్నారు. బయటికి వస్తుంటే ఉమామహేశ్వరి నొచ్చుకుంటూ, "నగరం దాటితే ఎవులేటి వాయించుకున్నా మాకేటి సమ్మందం బాబూ" అంది. ఊరికే ఓదార్పుకన్న మాట. సదానంద్ మెట్ల మీదే ఆగిపోయి, కుడిచేతి వంకా ఎడమచేతి వంకా చూసుకున్నాడు.

నగరానికి ఉత్తరాన, సముద్రం పక్క రోడ్డు మీద ఒక స్వాగత ద్వారం ఉంది. అటునుంచి వచ్చేవాళ్ళకు 'నగరానికి స్వాగతం' అనీ, ఇటునుంచి వెళ్ళేవాళ్ళకు 'మళ్ళీ దయచేయండి' అనీ కనపడుతుంది. ద్వారం పక్కన పసుపు రంగు వేసిన హద్దురాయి. అవతల బెస్తవాళ్ళ ఊరి పంచాయతీ మొదలవుతుంది. ఆ ఆదివారం సాయంత్రం సదానంద్ హద్దురాయి పక్కన స్టూలు వేసుకుని, గిటారు పొట్ట నగరంలోనూ మెడ పంచాయతీలోనూ ఉండేలా కూర్చున్నాడు. కుడిచేయి నగరంలో విధులకు హాజరైంది. ఎడమచేయి పొరుగూరికి వెళ్ళింది. మొండెం ఎటు ఉండాలన్నది నిబంధనల్లో లేదు.

మొదటివారం వరలక్ష్మీ, ఆచార్యులుగారూ, వలలు బాగుచేసుకుంటున్న నలుగురైదుగురూ విన్నారు. తరవాతి వారం నుంచి జనం బస్సుల్లో వచ్చారు. సగంమంది నగరంలో, సగంమంది పంచాయతీలో కూర్చునేవాళ్ళు. సర్పంచి చాపలు వేయించి, ఎడమచేతికి మా ఊళ్ళో ఏ కార్డూ అక్కర్లేదని మైకులో ప్రకటించాడు. మొదటి నుంచి చివరిదాకా విన్నారు, ప్రతి వారమూ. సదానంద్ అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

ఈ వార్త మండలికి చేరకుండా ఉంటుందా. ఒక ఆదివారం విశ్వంభరరావుగారు కొలత టేపుతో వచ్చారు. హద్దురాయి నుంచి కుడి మోచేతికి కొలిచారు, ఎడమ మోచేతికి కొలిచారు. కుడిచేయి ఎప్పుడైనా పంచాయతీలోకి జారుతుందేమోనని, ఎడమచేయి నగరంలోకి తొంగిచూస్తుందేమోనని కచేరీ అంతసేపూ రెప్ప వాల్చకుండా చూశారు. తనిఖీ మధ్యలో లేవకూడదు గనక మొదటి నుంచి చివరిదాకా వినాల్సి వచ్చింది. ఆ కష్టమైన బాణీ దగ్గర ఆయన బూటుకాలు దానంతట అది తాళం వేసిందని ఉమామహేశ్వరి తరవాత అందరికీ చెప్పింది. తప్పు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

కచేరీ అయింది. చప్పట్లు మోగాయి. ఇన్నాళ్ళకు కార్యదర్శిగారు కూడా మొత్తం విన్నారన్న తృప్తితో సదానంద్ గిటారు దించి, లేచి, ఆయన వైపు తిరిగి నిండుగా నమస్కారం పెట్టాడు.

విశ్వంభరరావుగారు గబుక్కున టేపు తీశారు.

మర్నాడు మెమో వచ్చింది. ఉమామహేశ్వరి స్వయంగా తెచ్చి, తలెత్తకుండా అందించింది. 'నిన్నటి దినము నమస్కరించు సందర్భమున, తొలగించబడిన ఎడమచేయి మండలి అనుమతి లేకుండా హద్దు దాటి నగరములో ప్రవేశించి, కుడిచేతితో కలిసినట్లు ప్రత్యక్షముగా గమనించడమైనది. నమస్కారము పెట్టినందులకు తగిన కారణము చూపవలెను.'

సదానంద్ రెండుసార్లు చదివాడు. ఆ ఫైలు మొదలయ్యాక అతనికి భయం వేయకపోవటం అదే మొదటిసారి. సంజాయిషీ ఏమీ రాయలేదు.

ఆ తరవాతి ఆదివారానికి జనం రెట్టింపయ్యారు. విశ్వంభరరావుగారు టేపుతో ముందే వచ్చి నిలబడ్డారు. సదానంద్ స్టూలు మీద కూర్చోలేదు, గిటారు తీయలేదు. నగరం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ అందరూ లేచి తిరిగి నమస్కారం పెట్టారు. అలవాటైన ప్రాణం కదా, ఎవరు నమస్కరించినా విశ్వంభరరావుగారి చేతులు కూడా వాటంతట అవే కలిశాయి. టేపు కింద పడింది. అప్పుడు సదానంద్ కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు.